పదకొండు ముప్పావు

ధవళేశ్వరం దగ్గర నీళ్ళు పదకొండు ముప్పావు అడుగులకొస్తే
మొదటి హెచ్చరిక.
పదమూడు ముప్పావుకి రెండోది.
పదిహేడు ముప్పావుకి మూడోది, అప్పటికి
మా లంకలో గేదెలు గట్టెక్కేసి ఉంటాయి
బియ్యం మూటలు అటకెక్కేసి ఉంటాయి.

ఎక్కాల కంటే ముందు నాకొచ్చిన లెక్క ఇది.
మా నాన్న కాలవ లస్కరు.

ఇప్పుడు నా ఫోనులో ఇంకో గేజి రాయి పాతారు.
నూట పన్నెండు పేర్లు.
హాజరూ మార్కులూ కలిపి ఏదో లెక్క కట్టి
పేరు పక్కన చుక్క పెడుతుంది:
పచ్చదో, పసుపుదో.
సోమవారం ప్రార్థన ఇంకా అవనేలేదు,
ఎర్రచుక్క ఒకటి వెలిగింది.
పెమ్మాడి వీరవేణి, తొమ్మిది బి.
బడి మానేసే ప్రమాదం ఎక్కువ, అంది.

నవ్వొచ్చింది మొదట.
భిన్నాల లెక్క నాకంటే ముందు తేల్చే పిల్ల!
చుక్క మీద వేలు పెట్టి నొక్కాను.
జూన్ నుంచి రాని రోజులన్నీ
బల్ల మీద ఆరబోసిన చేపల్లా వరసగా కనపడ్డాయి.
అమావాస్యకి వచ్చింది.
పున్నమికి వచ్చింది.
నడిమి రోజుల్లో రాలేదు.

అమావాస్యకీ పున్నమికీ రొయ్య కుబుసం విడుస్తుంది.
మెత్తటి రొయ్యకి ధర లేదు, చెరువు పట్టరు.
పట్టుబడి అంతా ఆ నడిమి రోజుల్లోనే.
యాప్‌కి చంద్రుడు తెలీదు.
నాకు తెలుసు.
తెలిసీ, అవే రోజుల మీద నా చేత్తోనే సున్నాలు చుట్టాను,
ఒక్కసారీ తలెత్తి ఆకాశం చూడలేదు.

పంటు మీద పాయ దాటి షెడ్డుకి వెళ్ళాను.
రేకుల కింద ఐసు పొగ.
రొయ్య తల తీసి పడేస్తున్నారు వరసగా ఆడాళ్ళు,
వాళ్ళలో చివర, స్టూలు అందక
ఐసు పెట్టె మీద కూచున్న వీరవేణి.
నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులో లేచినట్టే.
వేళ్ళ కొసలు నానిన అటుకుల్లా ఉన్నాయి.

"చుక్కేంటి మాస్టారూ?" అంది మంగాయమ్మ.
"పట్టుబడి లేనప్పుడు పంపుతూనే ఉన్నానుగదండీ.
పడవ తాకట్టులో ఉందండి, ఆయ్."

కారణం ఎంచుకోమంది ఫోను.
అనారోగ్యం. వలస. పెళ్ళి. ఆసక్తి లేకపోవడం.
ఐసు లేదు అందులో. పడవ లేదు.
ఇతరములు నొక్కి, పంటు కోసం చాలాసేపు నిలబడ్డాను.

గేజి రాయి చూడ్డానికి ఇంజినీరు గారుండేవారు.
మా నాన్న, వరద రాత్రుల్లో
చెప్పులు విప్పి చంకన పెట్టుకుని
గట్టు పొడుగునా నడిచేవాడు.
అరికాలికి చెమ్మ తగిలిన చోట ఆగి
ఇసక బస్తాలకి కేకేసేవాడు.
"నీరు పైకెక్కితే కనపడుద్దిరా,
ఊటే, కాలికి తప్ప తెలీదు."

గురువారం పదిన్నరకి వచ్చింది వీరవేణి
తలంతా నీచు వాసనతో.
తెల్లారగట్ట షెడ్డులో పని, తర్వాత బడి.
మంగాయమ్మతో అంతవరకే కుదిరింది బేరం.
ముప్పావు పూట.
హాజరా, గైర్హాజరా, రెండే గడులు.
హాజరు నొక్కాను.
నెల తిరిగేసరికి చుక్క పసుపైంది.
హెచ్ఎం గారు భుజం తట్టారు.
గేజి రాయి మీద గీత
నేనే చెరిపి కిందికి గీసినట్టుంది నాకు.

ఇవాళ నూట పన్నెండులో ఎరుపు ఒక్కటీ లేదు.
ముందు బెంచీలో గెల్లా మోషే,
నిండు పచ్చ, ఒక్కరోజూ మానలేదు,
జూలై నుంచి ఒక్క ప్రశ్నా అడగలేదు,
నోటుబుక్కులో ఒకే పేజీ మీద మళ్ళీ మళ్ళీ తేదీ వేస్తున్నాడు.

ఫోను బల్ల మీద బోర్లించి
గుమ్మం దగ్గర చెప్పులు విడిచి
బెంచీల మధ్య నడుస్తున్నాను.