కారణం రాయడానికి నాలుగు గీతలు

కారణం, అని అచ్చువేశారు.
కింద నాలుగు గీతల జాగా.
నాలుగు గీతల్లో పట్టే బుద్ధే ఉంటే
నేనక్కడికి వెళ్ళేవాణ్ణే కాదు.

పేరు తిహోమిర్.
మా భాషలో, చప్పుడు చేయనివాడని.
ఆ రోజు పేరుకు మరీ న్యాయం చేశాను.
వృత్తి: పియానోలకు శ్రుతి సరిచేయడం.
విమానం: రెండు సీట్లది, నా పాత కారు కన్నా తేలిక.
పక్క సీట్లో మనిషి లేడు.
పనిముట్ల సంచీ ఉంది, దానికీ బెల్టు పెట్టాను.

స్లోవెన్ గ్రాదెత్స్‌లో ఓ సంగీత పాఠశాల.
చలికాలమంతా కిటికీ పక్కన నిలబెట్టిన పియానో
జలుబు చేసిన పిల్లాడిలా మూలుగుతోంది.
పొద్దున్నంతా దాని దగ్గరే.
రెండు తీగలు దాదాపు ఒకటయ్యే చోట
మధ్యన చిన్న వణుకు వినిపిస్తుంది.
నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది,
ఆగిపోతుంది.
అది ఆగడం వింటాననే నాకు డబ్బులిస్తారు.

తిరుగు దారిలో కొండల నెత్తిన మబ్బు.
కుడివైపు నుంచి కొంచెం జరగమంది. జరిగాను.
ఇంకొంచెం అంది.
రద్దీ బస్సులో పక్కవాడికి చోటిచ్చినట్టు
జరుగుతూ జరుగుతూ పోయాను.
ముందు సావా నది ఎండకు మెరుస్తోంది.
నది ఉంది కదా, ఎదురెక్కితే ఇల్లే.
మ్యాపు మోకాలి మీదే ఉంది.
మ్యాపు మీద మధ్యాహ్నపు రొట్టె ఉంది.
దాటకూడని నీలం గీత
రొట్టె కింద ఉంది.

మా పెదనాన్న, పొరుగాయన ఆలోయ్‌జీ
మూరెడు గడ్డి కోసం పదకొండేళ్ళు కోర్టుకు తిరిగారు.
అక్కడ కనీసం ఓ గట్టురాయి ఉండేది,
కోపమొస్తే తన్నడానికి.
ఇక్కడ రాయి లేదు, కంచె లేదు,
ఒక్క కుక్కయినా మొరగలేదు.
రేడియో ఎంత హాయిగా ఉందో!
దేశమంతా భోంచేసి పడుకుందనుకున్నాను.

అప్పుడు రెక్క కింద నుంచి
పొడుగ్గా, బూడిదరంగులో, చివర తెల్లటి అంకెలతో
ఒక నేల జారుకుంటూ వచ్చింది.
పొలం కాదు. రోడ్డూ కాదు.
కడుపులో ఏదో తీగ పుటుక్కుమంది.

రేడియో వైపు చూశాను.
చివరి అంకె. ఆ ఒక్కటే.
పొద్దున తిప్పింది నేనే, ఈ వేళ్ళతోనే.
సరిచేయగానే ఒకావిడ గొంతు.
అరవడం లేదు.
ఇంట్లో ఎవరున్నారని తలుపు తట్టినట్టు
పిలుస్తోంది, తెలియని విమానాన్ని.
అప్పటికి పదమూడోసారట.
చెవిటివాడి ముందు శంఖం
ఊదుతూనే ఉందన్నమాట.

"వినిపిస్తోంది," అన్నాను.
ఆవిడ ఊపిరి వదలడం కూడా వినిపించింది.
"ఎడమకు తిరగండి."
తిరిగాను.

తర్వాత చెప్పారు.
నా పైన ఎక్కడో ఓ పెద్ద విమానం
నూట పద్నాలుగు మందితో
రెండు చుట్లు అదనంగా తిరిగిందని.
ఎవరో కాఫీ ఒలకబోసుకుని ఉంటారు.
ఎవరో పిల్లకి, చూడు, మళ్ళీ అదే కొండ,
అని చూపించి ఉంటారు.
వాళ్ళకి నా పేరు తెలియదు.
నాకు మాత్రం రాత్రిళ్ళు
నూట పద్నాలుగు దాకా లెక్క వస్తోంది,
గొర్రెలు కావు.

మబ్బు అని రాశాను. కొట్టేశాను.
నది అని రాశాను, అదీ కొట్టేశాను.
రొట్టె సంగతి రాయడానికి సిగ్గేసింది,
రాశాను.
ఇక మిగిలింది ఇదీ:
ఎవరూ పిలవకపోవడం, పిలుపు నాకు చేరకపోవడం
వినడానికి ఒకేలా ఉన్నాయి.
ఇన్నేళ్ళ చెవి నాది, తేడా పట్టలేదు.

గీతలు అయిపోయాయి.
స్వరాలు రాసుకోవడానికైనా నాలుగు చాలవు,
ఐదు కావాలి.
ఐదోది నేనే గీశాను, స్కేలు లేకుండా.
కాస్త వంకరపోయి
మీ గడి దాటింది.