చెల్లని కాసు చెల్లే దారి

పిల్యారో నుంచి అంబాతో దాకా
నలభై నిమిషాలు, లెక్కలేనన్ని వంపులు.
పదహారేళ్లుగా ఈ బస్సు తలుపు పట్టుకు వేలాడుతూ
టికెట్టు డబ్బులు వసూలు చేస్తున్నవాణ్ణి.
ఏ డబ్బు మనిషికి మంచిదో
నన్నడిగితే చెబుతాను.
ఎవరూ అడగరు.

మొన్న సోయిలా మసకీసా ఎక్కింది,
చేతిలో మోరా పళ్ల బకెట్టు,
వీపున మూటగట్టుకున్న మనవరాలు.
ఒక కాగితం డాలరు ఇచ్చింది.
నడుమ టేపు అతుకు, అంచులు పీచు,
పళ్లరసం తాగి తాగి ఊదారంగుకి తిరిగింది.
అందులోని పెద్దమనిషి
వారం రోజులు జ్వరపడి లేచినట్టున్నాడు.

"ఇది బ్యాంకువాళ్లు తీసుకోరు" అన్నాను.
"నాకిచ్చింది బ్యాంకువాళ్లే" అంది.

మా ఓనరు ఎరిబెర్తో సంగతి నాకు తెలుసు.
రాత్రి ఇంజను మూత మీద లెక్క చూస్తూ
చినిగిన నోటు తగిలితే
అది నా జీతంలో కలిపి నాకే ఇస్తాడు.
అలాంటివి ఇంట్లో పదకొండు ఉన్నాయి,
ఉప్పు డబ్బా కింద.
చూస్తే డబ్బు.
కొట్టుకి తీసుకెళ్తే కాగితం.

మా అమ్మకి మాత్రం కాగితమంటే గురి.
పరుపులో కుట్టి దాచింది, సుక్రేలు, కట్టలు కట్టలు.
ఒక జనవరిలో రేడియో గొంతు సవరించుకుని చెప్పింది:
ఇకనుంచి డాలరే,
ఇరవై అయిదు వేలకి ఒకటి.
పరుపంతా విప్పినా
ఒక గొర్రెపిల్ల రాలేదు.
ఆ తర్వాత చాలా ఏళ్లు
ఏ నోటు చేతికొచ్చినా వెలుతురుకి పట్టి చూసేది,
లోపల ఇంకెవరో దాక్కున్నట్టు.

ఎలియొదొరో చూపు లేనివాడు, రోజూ ఎక్కుతాడు.
ఒకటీ, అయిదూ, ఇరవయ్యీ, అన్నీ ఒకే కొలత కాగితాలు!
మడత నా చేతిలో పెట్టి నిలబడతాడు.
ఆ నిలబడ్డ కాసేపూ
నేను మంచివాణ్ణయి తీరాలి.
బిళ్లలైతే ఆ బాధ నాకూ లేదు, అతనికీ లేదు.
బొటనవేలి గోరుతో అంచు గీకుతాడు:
గరుకైతే పావలా, నునుపైతే డాలరు.
"నీ మంచితనం ఇంటికి పట్టుకుపో" అంటూ నవ్వుతాడు.

అలాగని బిళ్లలు దేవుళ్లేం కాదు.
చిల్లర సంచి నా కుడి భుజాన్ని
రెండు వేళ్లు కిందికి దించేసింది.
నడిస్తే చాలు గలగల,
దొంగకి పేరుపెట్టి పిలిచినట్టే.
ఈమధ్య నకిలీవీ వస్తున్నాయి.
కానీ రేకు మీద పడేస్తే
గంటలా కాక చెంచాలా మోగుతాయి.
బిళ్ల అబద్ధమాడితే
చెవికి తెలుస్తుంది.

సరే, సోయిలా.
విసుక్కుంటూ నడికట్టు విప్పి
లోపలి ముడిలోంచి ఒక పసుప్పచ్చ డాలరు బిళ్ల తీసింది.
దాని మీదా ఒక ఆదివాసీ తల్లి,
వీపున బిడ్డ,
భుజం మీదుగా తిరిగి చూస్తూ.
సోయిలా అచ్చం అలాగే చూసింది నావైపు.
ఎవరిని చూసి ఎవరిని చెక్కారో.

పుట్టిన దేశంలో ఈ బిళ్లని ఎవరూ ముట్టరట.
జేబు బరువని నోటే కావాలంటారట.
ఒక టూరిస్టు చెప్పాడు,
దీన్ని చూసి పోయిన చుట్టం కనబడినట్టు ఆశ్చర్యపోతూ.
అక్కడ చెల్లని కాసు.
ఇక్కడ ఉర్లగడ్డలు కొంటుంది, కోడిని కొంటుంది,
పెళ్లి బాజావాళ్లకి బయానా అవుతుంది.

బిళ్ల నా సంచిలో పడ్డ చప్పుడుకి
వీపు మీది పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.
"అది దాని ఆటబిళ్ల" అంది సోయిలా,
నాతో కాదు, కిటికీతో.
వంపు తర్వాత వంపు.
పిల్ల ఆపదు.
బస్సంతా నన్నే చూస్తోంది,
ఎలియొదొరోతో సహా.

చెయ్యి పెట్టి వెతికాను.
వందల చిల్లరలో అది వేలికి వెంటనే దొరికింది.
పిల్ల గుప్పిట్లో పెట్టాను.
నోట్లో పెట్టుకుని, చప్పరించి, మళ్లీ తీసి చూసుకుంది.
తడిసింది, అంతే. డాలరు డాలరే.

ఊదారంగు నోటు నేను తీసుకున్నాను.
పన్నెండోది.
ఉప్పు డబ్బా
కాస్త పక్కకి ఒరిగింది.