నసాళం

రొవీగో నుంచి వచ్చి త్రియెస్తెలో రైలు దిగామో లేదో
గాలి మా గొడుగులు రెండింటినీ వెనక్కి తిప్పేసింది.
"ఈ ఊళ్ళో గొడుగు విప్పేది పరాయివాళ్ళేనమ్మా" అంది
స్టేషన్ ముందు సిగరెట్లమ్మే ముసలామె.
మాకు జరిగిన మర్యాద అదే.

లోరెదానకి వాసన పోయి పద్నాలుగు నెలలు.
జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది,
పోతూ పోతూ అవి దాని ముక్కు గడియ పెట్టిపోయాయి.
అప్పట్నుంచీ కాఫీ వేడినీళ్ళు, రొట్టె దూది,
మొగుడి చొక్కా ఒట్టి గుడ్డ.
అలాంటిది, "శనాదివారాలు ఎటైనా పోయి
తిని తాగి వద్దాం" అంటే
నవ్వాలో ఏడవాలో తెలీక టికెట్లు కొన్నాను.
"నువ్వు తిను. ఏం తగిలిందో నాకు చెప్పు."
మా ఒప్పందం అది.

ఇక్కడ కాఫీకి మళ్ళీ బారసాల చేశారు.
మా ఊరి ఎస్ప్రెస్సో ఇక్కడ 'నేరో'.
చుక్క పాలు పడితే 'కాపో'.
దాన్నే గాజు గ్లాసులో పోస్తే ఇంకో పేరు.
మా ఊరి మాటలో అడిగి, అనుకోనిదేదో తాగాను.
"ఎలా ఉంది?"
"కాలిన బాదం పొట్టులా... కాదు, తడిసిన చెక్కలా..."
"అబద్ధం. నీకూ తెలీదు."
నిజమే.
నలభై ఏళ్ళుగా రోజుకి మూడుసార్లు తాగుతున్నాను,
ఎప్పుడూ ఎవరికీ అప్పజెప్పాల్సి రాలేదు.

మధ్యాహ్నం, రేవు వెనక సందులో
అద్దాలన్నీ ఆవిరి పట్టిన చిన్న హోటలు.
పెద్ద గంగాళంలో పంది మాంసం ఉడుకుతోంది,
నాలుక, సాసేజి, పక్కటెముక అన్నీ ఒకే నీళ్ళలో.
రేవు కూలీలు నిలబడే తింటున్నారు, బీరు మీద బీరు.
లీవియో అని జేబు మీద కుట్టుకున్న మనిషి
పళ్ళెం మా ముందు పెట్టి
ముల్లంగికి మొరటు తమ్ముడిలా ఉన్న దుంపనొకదాన్ని తీసి
మాంసం మీద మంచులా కోరాడు.
నేను చెప్పడానికి మాటలు కూడదీసుకుంటున్నాను.
ఈలోగా లోరెదాన ఆ కోరంతా
పెరుగన్నం ముద్దలా నోట్లో పెట్టుకుంది.

నసాళానికి అంటింది.

చేతులు గాల్లోకి లేచాయి. మొహం కందిపోయింది.
కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు ధారలు.
లీవియో బల్ల దాటి పరిగెత్తుకొచ్చాడు నీళ్ళ గ్లాసుతో.
ఇది ఆ గ్లాసు తోసేసి
"ఇంకొంచెం" అంది.
కూలీలు చప్పట్లు కొట్టారు.
"వాసన కాదే ఇది, నాకు తెలుసు" అంది చీదుకుంటూ.
"ఒట్టి మంటే. కానీ ఇన్నాళ్ళకి
ఒకటి లోపలిదాకా వచ్చి కొట్టింది."

ఆదివారం, కొండ మీదికి బస్సు.
ఏ ఇంటి వాళ్ళు తమ ద్రాక్షసారా అమ్ముతున్నారో
దారి మలుపుల్లో ఆకుల కొమ్మ కట్టి చెప్తారట.
మొదటి కొమ్మ ఎండిపోయింది. రెండోది తప్పుదారి పట్టించింది.
మూడోది జ్దెంకా ఇంటికి చేర్చింది.
ఉడికించిన గుడ్లు, పలచగా కోసిన హామ్,
ఎర్రటి తెరాన్, చల్లగా, కూజాలో.
"పులుపు" అంది లోరెదాన, నాకంటే ముందు.
"పులుపు తెలుస్తోంది. తర్వాత ఏముంది?"
తర్వాత నేరేడు లాంటిదేదో ఉంది. ఇనుము ఉంది.
తాళంచెవి నాకినట్టుంది అన్నాను.
ఈసారి అబద్ధం అనలేదు.

నిన్నటి దుంప కథ విని జ్దెంకా
ఇంటి వెనక్కి వెళ్ళి గునపంతో ఒకటి పెరికింది,
స్లొవేనియన్ పేపర్లో చుట్టి దాని ఒళ్ళో పడేసింది,
డబ్బులంటే కసిరింది.

వెనక్కొచ్చే రైల్లో అది నిద్రపోయిందనుకున్నాను.
మొన్‌ఫల్కోనే దాటాక, కళ్ళు మూసుకునే,
"సంచిలోంచి ఏమైనా వస్తోందా?"
పేపరు విప్పి చూశాను.
"మట్టి వాసన."
"ఏ మట్టి?"

దుంపని మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.