యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల

పదకొండూ ఇరవై.
డయాలసిస్ వార్డులో చివరి మెషీన్ కడిగి
చేతులకింకా బ్లీచింగు వాసనతో
కె.ఆర్.పురం వేలాడే వంతెన దిగుతున్నాను.
తుంపర. హెల్మెట్ అద్దం మీద లారీల లైట్లు
పగిలిన గుడ్డు సొనలా జారుతున్నాయి.

భట్టరహళ్ళి దాటాక, ఎడమ అంచున
ఒకతను స్కూటర్ తోసుకుంటూ పోతున్నాడు.
వెనక సీటుకి తాడేసి కట్టిన కుట్టుమిషను.
చెయ్యెత్తలేదు. పిలవలేదు.
తల మాత్రం ఒక్కసారి తిప్పాడు.
నేను యాక్సిలరేటర్ తిప్పాను.

ఆపకపోవడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు,
మా మరదలు శర్వాణి రోజుకొకటి పంపుతుంది.
అద్దం మీద గుడ్డు కొడతారట, వైపర్ వెయ్యకూడదట.
నడిరోడ్డు మీద ఖాళీ ఉయ్యాల పెడతారట.
లిఫ్టడిగిన ముసలామె కొంగు కింద మీసాలుంటాయట.
ప్రతి కథా హోసకోటలోనే జరుగుతుంది,
ఎవరి పిన్ని కొడుక్కో.
నవ్వుతాను.
నవ్వుతూనే, పార్కింగు చీకట్లో
తాళంచెవి వేళ్ళ సందున మొన తేలేలా పట్టుకుంటాను.

యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల.
ఈ ఊళ్ళో జాలి పడాలన్నా
డివైడరు ఒప్పుకోవాలి.

ఆ రెండు కిలోమీటర్లూ ఒక చెప్పు గుర్తొచ్చింది.
నీలం పట్టీల హవాయి చెప్పు, మడమ దగ్గర అరిగి.
మూడేళ్ళ కిందట, ఇదే రోడ్డు,
మెకానిక్ షాపులన్నీ షట్టర్లేసిన వేళ,
ఎవరో వెనకనుంచి వచ్చి
నా బండి సైలెన్సరు పక్కన కాలానించి
అవలహళ్ళి దాకా తోసుకొచ్చాడు.
"బ్రేకు ముట్టొద్దక్కా" అన్నాడు, అంతే.
వెనక్కి తిరిగితే పడతానని భయం, ముఖం చూడలేదు.
వీధి మొదట్లో కాలు తీసేశాడు.
బండి దానంతటదే ఇంకో పది గజాలు దొర్లింది.
థాంక్స్ చెబుదామని తిరిగేసరికి
ఒక ఎర్రలైటు, ఒక మలుపు.

తిరిగాను.
నిజం చెప్పాలంటే సిగ్నల్ పచ్చగా ఉండబట్టి.
ఎర్రగా ఉంటే ఆలోచించేదాన్ని,
ఆలోచిస్తే ఇంటికెళ్ళేదాన్ని.
మళ్ళీ వంతెన దాకా పోయి ఇంకో టర్ను,
అప్పటికి అతను ఒక కరెంటు స్తంభమంత దూరం నడిచాడు.

"పెట్రోలా, పంక్చరా?"
అతను బండికీ నాకూ మధ్యకి జరిగి
కుట్టుమిషను మీద చెయ్యేశాడు.
"బేడ మేడం. బంకు ఇక్కడే. మీరు పోండి."
కళ్ళు నా వెనక చీకట్లో
ఇంకెవరున్నారోనని వెతుకుతున్నాయి.
అతనికీ ఒక మరదలుంటుంది కాబోలు,
రాత్రిపూట ఒంటరిగా ఆగే ఆడవాళ్ళ సంగతులు పంపడానికి.

సరేనన్నాను. పోలేదు.
పదడుగులు వెనక
బండిని నడక వేగానికి బిగబట్టి
హెడ్‌లైటు అతని కాళ్ళ ముందు పరిచాను.
లారీలు మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నాయి.
గుంట వచ్చినప్పుడు లైటు పైకీ కిందకీ కొట్టాను,
అతను చక్రం కుడికి మళ్ళించాడు.
మేం మాట్లాడుకున్నది అదే.

బంకులో కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీలో నిద్రపోతున్నాడు.
అతను స్టాండేసి, జేబులు తడుముకుని,
వెనక్కి చూశాడు,
కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.
నా వెలుగు సూటిగా అతని కళ్ళలో పడుతోందని
అప్పుడు తెలిసింది.
నాది పాత బండి, లైటు ఆర్పొచ్చు. ఆర్పేశాను.
అతని కళ్ళు చీకటికి అలవాటుపడే లోపే
బండి తిప్పేశాను.