రాసుకోడానికి

"ఏం పనికమ్మా?" అన్నాడు షాపాయన.
ఆటలకైతే ఒక రకం, ఆఫీసుకైతే ఒకటి,
పిల్లల క్లాసులకైతే ఇదిగో, ఈ వరస.
"రాసుకోడానికండి."
"ఏం రాస్తారు?"
"నాక్కాదండి. మస్కట్‌లో మా మేనత్తకి."
ల్యాప్‌టాప్ మూత సగం తెరిచినవాడు తెరిచినట్టే ఆగాడు.
"అక్కణ్ణుంచి ఇక్కడికి కదా తెస్తారు!"

మరేనండి, పదహారేళ్లు అలాగే వచ్చాయి.
టార్చిలైటు, పాలపొడి డబ్బాలు,
పులిబొమ్మ దుప్పటి,
మా నాన్న గుండెలో స్టెంటు.
ప్రతిదాని మీదా ధర చీటీ గీకేసి పంపేది రూతత్త.
గీకిన చోట జిగురు మిగిలేది.
ఆ జిగురు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని
మస్కట్ వాసన ఇదేననుకునేదాన్ని.

వాయిదాల మీద ఇస్తా, వేలిముద్ర వెయ్యమన్నాడు.
బొటనవేలు పడలేదు.
చూపుడువేలూ పడలేదు.
తుడిచి మళ్లీ, ఊది మళ్లీ.
"ఏం చేస్తుంటారు?"
రొయ్యల షెడ్డండి.
తెల్లారగట్ల నుంచి ఐసు నీళ్లలో చేతులు,
కిలోకి ఇంతని తలకాయలు తుంచడం.
గీతలెప్పుడు పోయాయో నేనే చూసుకోలేదు.

చీటీ పాడిన డబ్బు రుమాలు విప్పి లెక్కపెట్టాను.
ముప్పై ఒకటిన్నర వేలు.
వేలు ఆనిస్తే తెరుచుకునే తాళం ఉందని చూపించబోయాడు.
వద్దండి, ఆవిడవీ చెరిగిపోయుంటాయి,
పదహారేళ్ల అంట్లు కదా.
పేరు కొడితే తెరుచుకునేలా పెట్టండి.

ఆషాఢం. గోదారికి ఎర్రనీరు తగిలింది.
నర్సాపురం రేవులో పంటు ఎక్కి
మోటారు సైకిళ్లకీ ఒక గేదెకీ మధ్య నిలబడ్డాను.
డబ్బాకి యూరియా సంచి తొడిగాను, జల్లు పడుతోందని.
"ఏంటమ్మా అది?" అంది పక్కావిడ.
"కుక్కరండి" అన్నాను.
ఎందుకన్నానో తెలీదు.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఒకటుంది:
మామయ్య అప్పులు చేసి పోయాడు,
చేపల చెరువు వరదకి కొట్టుకుపోయింది,
గతిలేక వెళ్లింది రూతత్త.
ఇంట్లో కూటం పెట్టినప్పుడల్లా
నాన్న ఇదే సాక్ష్యం చెప్తాడు,
ఒక్కోసారి చెరువు రెండెకరాలు, ఒక్కోసారి నాలుగు.

ఆ రాత్రి మీటల మీద తెలుగు అక్షరాలు అంటించాను.
అత్త చదువు ఏడో తరగతి.
ఏది ఎక్కడుందో వెతుక్కుంటుంది, తొందరేముంది.
చివరికి ఒక బండి ఱ మిగిలింది.
ఎక్కడ పెట్టాలో తెలీక డబ్బాలోనే వేసేశాను.
తర్వాత ధర చీటీ.
వలిచి వలిచి అరిగిన గోరు,
సగమే ఊడింది.

కేశవదాసుపాలెం నుంచి ఒకమ్మాయి విమానమెక్కుతుంటే
ఎండురొయ్యల పొట్లాల కింద పెట్టి పంపాం.
చేరిన రోజు ఫోను.
"ప్లగ్గు పట్టదే పిల్లా! ఇక్కడ గోడలకి నలుచదరం కన్నాలు" అని ఒకటే నవ్వు.
తర్వాత, "ఎంతైంది?"
"పద్దెనిమిది వేలు."
"జిగురు పక్కన ముప్పై కనపడుతోంది."
ఊరుకున్నాను.
అవతల కుళాయి పారుతున్న చప్పుడు.
ఆవిడా ఊరుకుంది.

శుక్రవారం ఆవిడకి సెలవు.
మొదటి శుక్రవారం ఏమీ రాలేదు.
రెండోదీ అంతే.
మూడోదానికి వచ్చింది,
చుక్కల్లేకుండా, ఎక్కడ పడితే అక్కడ విరిగి:

*అప్పులు ఉన్న మాట నిజమే
చెరువు ఎకరం న్నరే
కాని నన్ను ఎవరూ పంప లేదు
రేవు లో గిన్నెలు తోము తూ
పంటు అవతలికి పోవడం చూసే దాన్ని
నాకే వెళ్లాలని పించింది
మిగతాది వచ్చే శుక్రవారం*

కింద విడిగా ఇంకో ముక్క:
*ఆ బండి ర ఎందుకు పంపావు. దాచాను.*

నాలుగైంది. షెడ్డు వ్యాను సందు మొదట్లో హారన్ కొడుతోంది.
నాన్న ఇంకా లేవలేదు.
లేచాక చదివి వినిపించాలా,
పై శుక్రవారం దాకా ఆగాలా.

బూట్లు తొడుక్కుంటున్నాను.