వాలుగ దవడ

ఎచ్చెర్ల లాబులో మూడోరోజూ ఏసీ పనిచెయ్యలేదు.
బల్ల మీద లిథియం నయోబేట్.
అగ్గిపుల్లంత పొడవు, గాజు రంగు,
ఒంటి మీద రెండు బంగారు గీతలు.
గీతల వెంట మైక్రోవేవ్ పోవాలి,
కింద సన్నటి దారిలో వెలుగు పోవాలి,
ఇద్దరిదీ ఒకే అడుగు కావాలి.
ఒకరు ముందు పడ్డారా,
ఇచ్చిన చెయ్యే మళ్ళీ లాగేసుకుంటుంది,
చివరికొచ్చేసరికి ఏమీ మిగలదు.

"తొందర లేదమ్మా" అంటారు దండాసి మాస్టారు
తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.
సెకనుకి వెయ్యి కోట్ల సార్లు
రాయి మనసు మార్చుకుంటుంది.
వెలుగు రవ్వంత ఆగుతుంది, రవ్వంత ఉరుకుతుంది.
కంటికి ఆనే వెలుగు కాదు.
తెర చెబితే నమ్మాలి.

మధ్యాహ్నం దాకా తెర మీద ఒకటే గీత.
రెండుంపావుకి
దానికి అటొకటి, ఇటొకటి.
పవర్ పెంచితే అటు ఐదు, ఇటు ఐదు,
కొలిచి నాటిన నారులా ఒకే ఎడం.
"దువ్వెన" అన్నారు మాస్టారు.
నాకు ఎండు చేప వాసనేసింది.

పొందూరులో మా బాప్ప గవరమ్మ
కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతుంది.
గింజనంటుకున్న పీచుని ఒక్క వైపుకి పడుకోబెడుతుంది,
ఏకులు చుట్టి అరటి దొప్పలో దాస్తుంది.
ఓసారి నా జుట్టూ దాంతోనే దువ్వింది.
ఆ రోజంతా బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

రాత్రి ఫోన్ చేశాను.
"వెలుగుని దువ్వేం బాప్పా."
"ఎలుగులో నలకలుంటాయేటే?"
ఉండవన్నాను. తీసేదేం లేదు,
ఊపుతూ ఉంటే వెలుగుకే పళ్ళు మొలుస్తాయన్నాను.
కాసేపు కదురు చప్పుడు.
"మరి దాంతోటి దేన్ని దువ్వుతారే?"

గడియారాలన్నాను, దూరాలన్నాను,
ఒక్క తీగలో నూరుగురి మాటలన్నాను.
చెబుతుంటే నాకే పలచగా వినిపించింది.
"సర్లే, అన్నం తిన్నావా" అంది.

మర్నాడు ఉక్కకి రాయి జారింది.
ఎడమ వైపు నాలుగో పన్ను కుంగిపోయింది.
మాస్టారు వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టారు,
ఢిల్లీ కంపెనీని తిట్టారు, టీకి వెళ్ళిపోయారు.
నేను తేదీ వేసి రాశాను:
ఎడమ నాలుగు, పొట్టి.

బాప్ప దవడకీ ఓ పన్ను లేదు.
నేను పుట్టకముందే విరిగిందట.
ఆ ఖాళీ దగ్గరికొచ్చినప్పుడు
మణికట్టు కొంచెం వాలుస్తుంది, అంతే.

నాబ్ మీద వేలు పెట్టాను.
తిప్పలేదింకా.