ఏమో

జులైలో టాడ్‌మోర్డెన్‌కి
నాలుగున్నరకే తెల్లారిపోతుంది.
రాత్రంతా పెరట్లో వెలిగిన బల్బు ఆర్పి
పెట్టె మూత తీస్తాను.
లోపల పేర్చిన గుడ్ల అట్టల్లో
ఒక్కో గుంటలో ఒక్కో నిద్ర.

గోడ మీద రాబిన్
నాకన్నా ముందే వచ్చి కూచుంది.
దానికి రుచి తెలిస్తే చాలు.

చిన్నప్పుడు వీటన్నిటికీ మాకు ఒకటే పేరు, దీపం పురుగు.
అన్నంలో పడితే
వేలితో తీసి పారేసి తినేసేవాళ్ళం.
ఇప్పుడు మోకాళ్ళ మీద కూచుని లెక్క రాస్తున్నాను:
విరిగిన పుల్లలా నటించేవి రెండు,
గుండె మీద బాణం గీసుకున్నవి పదకొండు,
గులాబీ రంగు ఏనుగు ఒకటి.

అడుగు అట్టలో
పాలు తక్కువైన టీ రంగులో
ఇంకొకటి.
దీని పేరు అన్‌సర్టెన్.
అచ్చం దీనిలాగే ఉండే రెండోదాని పేరు రస్టిక్.
పేరు పెట్టినవాడు కూడా
చేతులెత్తేశాడన్నమాట.

ఈ చుట్టుపక్కల లెక్కలన్నీ సరిచూసే నోరా సట్‌క్లిఫ్
నా మొదటి ఏడాది జాబితాలో
నలభై ఒక్క చోట్ల
ఎర్ర పెన్సిలుతో ఒకే ప్రశ్న వేసింది:
నీకెలా తెలుసు?

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తాను.
రోజూ పద్దెనిమిది మందిని
చీకటి గదిలో కూచోబెట్టి అడుగుతాను,
ఇదా? అదా? ఏది నయం?
మార్చిలో ఆ కుర్చీలో నోరా కూచుంది.
అద్దం మార్చాను.
ఇదా?
మళ్ళీ మార్చాను.
అదా?
చాలాసేపటికి అంది,
"రెండూ ఒకేలా ఉన్నాయి, వకులా."
పదేళ్ళయినా నా పేరులో ళ ఆమెకి పలకదు.
ఆ కంటి నడిమధ్యన మసకకి
పేరు నాకు తెలుసు.
నన్నెవరూ ఎలా తెలుసని అడగరు.
అడిగితే బావుండనిపించింది.

ఇప్పుడు శనివారాలు తనే వస్తుంది.
బకెట్ బోర్లించి కూచుంటుంది.
నేను చూస్తాను, తను తేలుస్తుంది.
"రెక్క మధ్యలో నీడ?"
ఉంది. ఉన్నట్టుంది.
"మూత్రపిండం మచ్చ అంచు?"
అరిగిపోయింది.
"మెరుస్తోందా?"
మంచు పడిందో, మెరుపో.

పొట్ట కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే
ఏదో ఒకటి అయి తీరుతుంది.
యాభై ఏళ్ళు ఆ పని చేసిన చెయ్యి
ఇవాళ ఒళ్ళోనే ఉంది.
"వదిలెయ్. వానొచ్చేలా ఉంది."

తేదీ రాశాను. చోటు రాశాను. సంఖ్య, ఒకటి.
పేరు దగ్గర పెన్ను ఆగి,
తెలుగులోకి జారి, ఏమో అని రాసింది.
నోరా కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని
పక్కచూపుతో వెతికింది.
"ఈ సున్నాలేంటి?"
దాని పేరు, అన్నాను.
"స్పెల్లింగ్ సరిచూశావా?"
చూశాను.
ఎర్ర పెన్సిలు తీయలేదు.

ఐవీ తీగ లోపల, ఆకు అడుగున
దాన్ని వదిలాను.
రాబిన్ దిగొచ్చి
పక్క ఆకు కింద వెతికింది.